కళకూ రాకెట్టుకూ ఏం సంబంధం?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సూళ్లూరుపేటలో యువత కోసం చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కూర్చున్న అవ్వలకు, తాతలకు, సంఘం పెద్దలకు దండాలు. వెనకాల నిలబడి ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా నమస్కారం. ఈరోజు నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

"మన కళల గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అని సంఘం వాళ్లు అడిగారు. నేను సైన్స్ టీచర్ని. కళల గురించి నన్నెందుకు అడిగారా అని మొదట అనుకున్నాను. తరువాత నా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడు మా బడిలో వార్షికోత్సవం. రెండు లిస్టులు రాస్తున్నారు. ఒకటి డాన్సులకు, ఇంకొకటి సైన్స్ ఎగ్జిబిషన్‌కు. నేను రాకెట్ బొమ్మ చేద్దామని రెండో లిస్టు దగ్గర నిలబడ్డాను. ఒక సారు నన్ను చూసి, "ఒరే, మీ యానాది పిల్లోళ్లు బాగా ఆడతారు కదా, ఆ లైన్లోకి పో" అన్నారు. ఆయన తిట్టలేదు, మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుతోనే నేను లైను మారాను. ఆడాను. చప్పట్లు కొట్టారు. రాకెట్ బొమ్మ మాత్రం చేయలేదు.

ఆటపాటలు మనవి, చదువులు వేరేవాళ్లవి అనే గీత మన పిల్లల మనసులో అలా పడుతుంది. ఆ గీత అబద్ధం అని చెప్పడానికే ఈరోజు వచ్చాను.

మొదట రాకెట్టు సంగతే చూద్దాం. ప్రయోగం ఉన్న రోజు మనమంతా మిద్దెలెక్కి శ్రీహరికోట వైపు చూస్తూ ఉంటాం. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు మీరూ చూసే ఉంటారు. టీవీలో పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెడుతుంటే గుండె కొట్టుకుంటుంది. ఆ లెక్క ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసా? సినిమా నుంచి! 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ అనే దర్శకుడు చంద్రుడి మీదకు ప్రయాణం గురించి ఒక మూకీ సినిమా తీశాడు. ముందుకు లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో చూసేవాడికి తెలియదు. వెనక్కి లెక్కపెడితే సున్నా దగ్గర ఏదో జరుగుతుందని అందరికీ తెలుసు. ఆ ఉత్కంఠ కోసం తెర మీద అంకెలు తగ్గిస్తూ చూపించాడు. ఆ సినిమాకు సలహాదారు హెర్మన్ ఓబెర్త్, రాకెట్ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడు. తరువాత ఆ పద్ధతిని నిజమైన రాకెట్ ఇంజినీర్లు తీసుకున్నారు. అంటే ఒక కథ చెప్పేవాడి ఉపాయం ఈరోజు మన పక్కనే ఉన్న కేంద్రంలో పనిచేస్తోంది.

ఇప్పుడు డప్పు సంగతి. వాయించే ముందు డప్పును మంట దగ్గర ఎందుకు కాస్తారు? చర్మంలోని తేమ పోయి అది బిగుసుకుంటుంది. బిగిసిన చర్మం వేగంగా అదురుతుంది, శబ్దం ఖంగుమంటుంది. ఇది ఫిజిక్స్ పాఠం. కాచేవాడికి పుస్తకం అక్కర్లేదు. వేలితో ఒక దెబ్బ కొట్టి, చెవితో విని, ఇంకాస్త కాచాలో చాలో చెప్తాడు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ ఇలాంటి ప్రశ్నే మృదంగం, తబలాల గురించి వేసుకున్నాడు. మామూలు డోలు శబ్దంలోని స్వరాలు ఒకదానితో ఒకటి పొందిక కుదరవు. మృదంగం మాత్రం ఎలా సుతి కలుస్తుంది? చర్మం నడుమ వేసే నల్లటి పూత బరువే కారణమని శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో రాశాడు. పదేళ్లకు ఆయనకే నోబెల్ వచ్చింది, వేరే పనికి. ఆ పూత వేయడం ముందు కనిపెట్టింది వాయిద్యాలు చేసేవాళ్లు. ఎందుకలా అవుతుందో తరువాత చెప్పింది రామన్. ఇద్దరూ కావాలి.

మూడోది మన ఇంటిది. చేపల మావు. వెదురు బద్దలతో అల్లిన నోరు లోపలికి సన్నబడుతూ పోతుంది. చేప దూరుతుంది, తిరిగి రాలేదు. మీలో ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవాళ్లు ఉన్నారు. మోటారు పంపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ చూశారు కదా? నీళ్లు పైకి పోనిస్తుంది, కిందకు రానివ్వదు. మన గుండెలో కవాటాలూ రక్తాన్ని ఒకే వైపు పోనిస్తాయి. మావు అల్లే తాత ఆ సూత్రాన్ని వెదురులో పెట్టాడు. ఆయనను చదువురానివాడు అని ఎవరైనా అంటే మీరు ఊరుకోకండి.

మన పొరుగున తమిళనాడులో ఉన్న ఇరుల వాళ్ల గురించీ చెప్పాలి. చెన్నై దాటి మహాబలిపురం దారిలో వాళ్లకు 1978లో ఏర్పడిన పాములు పట్టేవాళ్ల సహకార సంఘం ఉంది. వాళ్లు పాముల విషం తీసిస్తే, దానితో పాముకాటు మందు తయారవుతుంది. వాళ్లలో మాసి సదయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించుకున్నారు. అక్కడ కొండచిలువలు పెరిగిపోయి, వాటిని వెతకలేక అధికారులు తంటాలు పడుతున్నారు. మనవాళ్లు గడ్డిలో జాడ చూసి, మొదటి ఎనిమిది రోజుల్లో 13 పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మన ఇళ్లల్లో పాట పాడటాన్నీ విద్య అంటారు, జాడ పట్టడాన్నీ విద్య అంటారు. రెండింటికీ ఒకే మాట ఉండటం ఊరికే కాదు.

ఒక కళాకారుడినీ ఒక శాస్త్రవేత్తనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి జనం ముందు మాట్లాడించే సభలు ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2008లో లేసర్ పేరుతో మొదలైన సభలు ఎన్నో నగరాలకు పాకాయి. మనమెందుకు పెట్టుకోకూడదు? మనకు అవసరం ఇంకా ఎక్కువ. 1969లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ దీవి అడవిలో తరతరాలుగా బతికిన మన యానాదులు ఎందరో ఊళ్లు విడిచి రావలసి వచ్చింది. అడవి దూరమైతే అడవి విద్య చెప్పే సందర్భాలూ తగ్గుతాయి. ఆ విద్య చూసినవాళ్లు ఈరోజు ఈ ముందు వరుసలో ఉన్నారు. వచ్చే ఏడు ఎందరుంటారో మనకు తెలియదు.

అందుకని యువతకు నాది ఒక్కటే కోరిక. వచ్చే ఆగస్టు 9 నాటికి మూడు జంట ప్రసంగాలు తయారు చేయండి. మావు అల్లే తాత పక్కన ఒక ఇంజినీరింగ్ విద్యార్థి. డప్పు కాచే మామ పక్కన ఒక సైన్స్ టీచరు. దానికి నేను వస్తాను. పాటలు తెలిసిన అవ్వ పక్కన మన నర్సింగ్ చదివే చెల్లెలు: జోలపాటకు బిడ్డ ఎందుకు నిదరపోతాడో ఇద్దరూ చెప్పాలి. ముందు పెద్దవాళ్లు మాట్లాడాలి, తరువాతే చదువుకున్నవాళ్లు. ఫోన్లో రికార్డు చేసేముందు అడగండి. మందు మొక్కల వంటివి బయట పెట్టొద్దంటే పెట్టకండి. అది వాళ్ల సొత్తు.

ఇకపై మన పిల్లలు ఏ బడిలోనైనా రెండు లిస్టుల ముందు నిలబడితే, రెండింట్లోనూ పేరు రాయించుకోవాలి. డాన్సూ చేయాలి, రాకెట్ బొమ్మా చేయాలి. ఈ సభ అయిపోగానే మొదటి జంట పేర్లు రాసుకుందాం. కాగితం, పెన్ను నా దగ్గర ఉన్నాయి. వెనకాల ఉన్నవాళ్లు ముందుకు రండి.