నడుము బెల్టు

వెన్నెముక కీలు తొలగినవారిని పలకపై పరుండబెట్టి, కదలకుండ మేకులకు బంధింపవలెనని సుశ్రుతుడు విధించెను. కపాటశయనమని దాని పేరు. నాకు శస్త్రచికిత్సానంతరము వైద్యులు కట్టించిన నడుము బెల్టు ప్రయోజనమును ఆ నిలుకడయే. అయితే ఇది రోగిని నడువనిచ్చును.

వంగుటను, మెలిదిరుగుటను బెల్టు వారించును. దానిని పలుచని నూలు బనియనుపై బిగించుకొనవలెను. విప్పినపుడెల్ల చర్మము కందినదేమో చూడవలెను. బెల్టున్నను బరువులెత్తరాదు. మంచము దిగునపుడు మేను మెలిపెట్టక ప్రక్కకు దొర్లి, చేతులూని లేవవలెను.

విప్పుమన్ననాడు నాకు భయము కలిగెను. కాని యెడతెగక కట్టినచో నడుము కండలు బలము గోల్పోవును. లేతమొక్కకు ఊతకఱ్ఱ యవసరము. మ్రానైన పిదప అదియే యొరపిడి. శస్త్రచికిత్స జరిగినవారందఱకును బెల్టక్కఱలేదు. కట్టుటకును విప్పుటకును వైద్యుని మాటయే ప్రమాణము.