చవక ఇంటర్‌కూలరు కొనునప్పుడు

టర్బో చార్జరు గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. అదిమిన గాలి వేడెక్కును. వేసవిలో పీడనము రెండింతలైనచో ఆ వేడిమి 100 డిగ్రీల సెంటీగ్రేడును దాటుట కద్దు. అట్టి గాలి పెట్రోలు ఇంజనులో అకాల దహనమునకు దారితీసి పిస్టనుకు చేటు తెచ్చును. దానిని చల్లార్చునదే ఇంటర్‌కూలరు.

చవకది వెదకువారు పరిమాణము చూచి మురియుదురు. మేము మొదట లోపలి రెక్కలను, అతుకులను చూతుము. పాత సరకైనచో మరింత జాగ్రత్త వలయును. టర్బో విరిగిన బండినుండి ఊడదీసినదానిలో లోహపు రజను దాగియుండవచ్చును. ఎంత కడిగినను అది పూర్తిగా పోయినదని నమ్మజాలము. అట్టిది ఊరక ఇచ్చినను మాకు వలదు!

మిగిలిన పైకము మంచి గొట్టములకు, బిగింపు పట్టీలకు వెచ్చింపుడు. బిగించిన పిదప కొలదిపాటి పీడనముతో గాలి నింపి, అతుకులపై సబ్బునీరు చల్లి, బుడగలు లేచునేమో చూడుడు.