బోర్డు అవుట్ అయిన జవాను ఇంట్లో

(పెనుమూడిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జవాను త్యాగం గురించి మాట్లాడమన్నారు. అది జెండా వందనం రోజున పెద్దలు ఎటూ చెబుతారు. జవాను ఇంటికొచ్చాక ఏమవుతుందో నేను చెబుతాను.

మా ఆయన సైన్యంలో చేరేనాటికి ఏ జబ్బూ లేదు. చేర్చుకునేటప్పుడు పళ్లతో సహా పరీక్షించి రాసుకున్నారు. ఎనిమిదేళ్లు చేశాక ఫిట్స్ మొదలయ్యాయి. మెడికల్ బోర్డు పెట్టి, వైకల్యం 20 శాతం అని ఒక గడిలో రాశారు. ‘సర్వీసుతో సంబంధం లేదు’ అని ఇంకో గడిలో రాశారు. ఆ రెండో గడే మా బతుకుని తేల్చేసింది. సంబంధం లేదన్నారు కాబట్టి డిజెబిలిటీ పెన్షన్ లేదు. పదేళ్లు నిండలేదు కాబట్టి ఇన్వాలిడ్ పెన్షనూ లేదు. కొద్దిపాటి గ్రాట్యుటీతో పంపేశారు.

అప్పటికి మన ఊరికి వంతెన రాలేదు, పులిగడ్డ వెళ్లాలంటే రేవు దాటాల్సిందే. ఆయన్ని ఒంటరిగా కృష్ణ ఒడ్డుకి పంపలేను, పొయ్యి దగ్గర కూర్చోనివ్వలేను. మినప చేలో కూలికెళ్తే మనసంతా ఇంటి మీదే. నేను కాలు పెట్టిన వేళా విశేషమని మా అత్తగారు అనేవారు. మిలిటరీలో ఫిట్స్ వస్తే దానికి కూడా కోడలే కారణం! నిత్యం కనిపెట్టుకుని ఉండే మనిషి కోసం సైన్యంలో ఒక భత్యం ఉంది. అయితే అది నూరు శాతం వైకల్యం ఉన్నవాళ్లకే. 20 శాతం వాడి పక్కన రాత్రంతా మేలుకునే భార్య పని ఏ లెక్కలోకీ రాదు.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, వేరే పని ఇవ్వాలి, జీతం తగ్గించకూడదు అని అందులో 47వ సెక్షన్ చెప్పింది. 2002 మార్చిలో ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ తెచ్చి పోరాట విధుల్లో ఉండే సైనికులకు అది వర్తించదంది. 2016లో కొత్త చట్టం వచ్చాక, 2021 ఆగస్టులో మళ్లీ అదే మినహాయింపు. తుపాకీ పట్టలేనివాడు సరుకుల లెక్క కూడా రాయలేడా? నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాకు దారి చూపింది ధరంవీర్ సింగ్ కేసు. ఆయనదీ ఫిట్స్ జబ్బే, 20 శాతమే. 1985లో చేరితే 1994లో పంపేశారు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరేటప్పుడు కాగితాల్లో జబ్బు రాయకపోతే, అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలంది. కాదనేవాళ్లే రుజువు చూపాలి, బోర్డు కారణాలు రాయాలి అంది. ఎన్నో ఏళ్లుగా ‘మీరే రుజువు తెండి’ అంటూ మాకు ఉత్తరాలు రాస్తున్న ఆఫీసుకి ఈ మాట తెలియదా?

ఆ తీర్పు పట్టుకునే చెన్నై ట్రిబ్యునల్‌లో కేసు వేశాం. పెన్షన్ వచ్చింది. బోర్డు అవుట్ అయినవాళ్లకి 1996 నుంచి 50 శాతం లోపు వైకల్యాన్ని 50గా లెక్కగట్టాలనే నియమం ఉంది, అలాగే కట్టారు. బకాయి మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లదే. దాని ముందరి ఏళ్లు పోయినట్టే.

మీలో సంస్థల్లో పనిచేసేవాళ్లు ఇలాంటి ఇంటికి వెళ్తే ముందు డిశ్చార్జి బుక్కు అడగండి. బోర్డు కాగితాల నకలుకి దరఖాస్తు పెట్టించండి. పార్ట్ టూ ఆర్డర్లో పెళ్లి, పిల్లల పేర్లు ఎక్కాయో లేదో చూడండి. భార్య పేరు అక్కడ లేకపోతే రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి ఆమె ఎవరో ఆమే నిరూపించుకోవాలి. పదేళ్లు నిండకుండా వచ్చినవాళ్లకి కూడా ఇన్వాలిడ్ పెన్షన్ ఇస్తామని 2020లో ఒప్పుకున్నారు. కానీ 2019 జనవరి 4న గానీ, ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవాళ్లకే. 2022 నుంచి వెళ్తున్న అగ్నివీరులకి సర్వీసు వల్ల వైకల్యం వస్తే శాతాన్ని బట్టి 15, 25, 44 లక్షలు ఒకేసారి ఇస్తారు, నెలనెలా పెన్షన్ లేదు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఎవరి చేతిలో ఉంటుందో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మా కేసు కాగితాల నకళ్లు సంచీలో తెచ్చాను. భోజనాలయ్యాక కావలసినవాళ్లు చూడవచ్చు.