క్రీడాబాలికలు – చెప్పుకోలేని ఒక బాధ



చక్కగా ఆడుతున్న బాలిక ఉన్నట్టుండి ఆట మానివేస్తే, చదువు భారం కాబోలునని పెద్దలు సరిపెట్టుకుంటారు. గెంతినప్పుడు మూత్రపు చుక్కలు జారుతున్నవని ఆమె కన్నతల్లికైనా చెప్పదు. నీళ్లు త్రాగడం తగ్గిస్తుంది. ఇది కాన్పులైన స్త్రీల బాధ మాత్రమే అనుకోవడం పొరపాటు. స్వీడన్‌లో ట్రాంపొలీన్‌పై ఎగిరే, కాన్పు ఎరుగని 35 మంది క్రీడాకారిణులను ప్రశ్నించగా 28 మంది ఈ ఇబ్బందిని ఒప్పుకొన్నట్లు 2002లో వెలువడిన పరిశోధన తెలిపింది. వారి సగటు వయస్సు 15 ఏళ్లే!

ఊపిరి పీల్చినప్పుడు ఉదరవితానం క్రిందికి దిగుతుంది. పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని ఊయలవలె మోసే కండరాలు కూడా దానితో కొంత దిగుతాయి. ఊపిరి విడిచినప్పుడు రెండూ పైకి లేస్తాయి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఆ ఊయలపై ఒత్తిడి హెచ్చుతుంది.

కనుక అభ్యాసం శ్వాసతోనే ఆరంభం కావాలి. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, నెమ్మదిగా ఊపిరి విడుస్తూ, మూత్రాన్ని ఆపుకొన్నట్లు ఆ కండరాలను పైకి లాగాలి. పీలుస్తూ పూర్తిగా సడలించాలి. ఈ సడలింపునే చాలామంది విస్మరిస్తారు. ఎప్పుడూ బిగిసి ఉండే కండరం అవసరానికి అక్కరకు రాదు. ఈ కండరాలకు వ్యాయామం ఉన్నదని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే వివరించాడు. పొట్టను లోనికి లాగే ఉడ్డియానబంధం వంటివి దీనికి సాటి అని రుజువు కాలేదు. కనీసం మూడు నెలలు నిత్యమూ సాధన చేయాలి. తగ్గకున్నా, నొప్పి ఉన్నా వైద్యురాలికి చూపించాలి.

అంతకన్న ముందు ఆ బాలికకు కావలసినవి ఆటస్థలం ప్రక్కన శుభ్రమైన మరుగుదొడ్డి, విరామంలో త్రాగునీరు, చెప్పుకొంటే కసరని ఒక ఉపాధ్యాయిని.