ఇంటికి ఫోటో ప్రింటరు కొనే ముందు



మా ఇంటి ముందుగదిలో గోడకు ఒక పాత ఫోటో వేలాడుతూ ఉండేది. మా అత్తగారిదీ మామగారిదీ పెళ్ళినాటి నలుపు తెలుపు ఫోటో అది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా బరంపురంలో ఆ రాత్రి కంటిమీద కునుకు వేసినవారు లేరు. మా ఇంటి పైరేకులు లేచిపోయి, వాన నీళ్ళు సరిగ్గా ఆ గోడ వెంబడే దిగాయి. తెల్లవారి చూసుకుంటే ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. నేను తొందరపడి ఊడదీయబోతే మా అత్తగారి ముఖం సగం అద్దంతోనే వచ్చేసింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ అద్దాన్ని మాత్రం పారవేయనివ్వలేదు.

కొన్నాళ్ళకు ఇచ్ఛాపురంలో ఉన్న మా ఆడపడుచుగారి పెట్టె అడుగున అదే ఫోటో ఇంకొక ప్రతి బయటపడింది. దాన్ని చూసి మళ్ళీ ప్రతులు తీయించుకున్నాం. రెండు ఇళ్ళలో ఉన్న ఫోటోయే మిగులుతుందని ఆ రోజు నాకు బాగా అర్థమైంది. ఇంట్లోనే ఫోటోలు అచ్చువేసుకుంటే బాగుంటుందన్న ఆలోచన అలా మొదలైంది. ఆ ఆలోచన వెంట నేను చేసిన పొరపాట్లూ, నేర్చుకున్న విషయాలూ ఈ రోజు మీతో చెప్పుకుంటాను.

ముందుగా నా పొరపాటు. దసరా రోజుల్లో తగ్గింపు ధర అన్నారు కదా అని ఒక చిన్న ఇంకు ప్రింటరు కొన్నాను. దుకాణం పేరు, కంపెనీ పేరు మనకు అనవసరం. పండగకు పది పదిహేను ఫోటోలు వేశాం. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. తరువాత దానిమీద గుడ్డ కప్పి ఉంచాం. సంక్రాంతికి మళ్ళీ తీస్తే కాగితం నిండా తెల్ల గీతలు. ఇంకు ఎండిపోయి సన్నని రంధ్రాలు మూసుకుపోయాయి. శుభ్రం చేసే మీట నొక్కినకొద్దీ ఉన్న ఇంకు కాస్తా అయిపోయింది. కొత్త ఇంకు డబ్బాల జత ధర అడిగితే దాదాపు ప్రింటరు ధరంత చెప్పారు! ఆవు చవకగా దొరికిందని తోలుకొచ్చాక గడ్డి ధర తెలిసినట్టయింది నా పని.

అందుచేత దుకాణానికి వెళ్ళేముందు ఏ ప్రింటరు మంచిదని అడగకండి. నెలకు ఎన్ని ఫోటోలు వేస్తాం, ఎంత పెద్దవి వేస్తాం, ఎన్నాళ్ళు నిలవాలి అని మనల్ని మనమే అడుగుదాం. జవాబు అక్కడే ఉంది.

ఇప్పుడు దొరికే ప్రింటర్లను రకాలవారీగా చూద్దాం.

మొదటిది లేజరు ప్రింటరు. ఆఫీసుల్లో, జిరాక్సు దుకాణాల్లో ఉండేది ఎక్కువగా ఇదే. రంగు పొడిని వేడితో కాగితానికి అతికిస్తుంది. అక్షరాలకు చాలా మంచిది. ఫోటోలో ముఖంమీది మెత్తని ఛాయలు మాత్రం దీనికి అంతగా లొంగవు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇంకు ప్రింటర్ల కోసం చేసిన మెరుపు కాగితాన్ని లేజరు యంత్రంలో పెట్టకూడదు. లోపలి వేడికి కాగితంమీది పూత కరిగి యంత్రమే పాడవుతుంది.

రెండవది ఇంకుజెట్. తల వెంట్రుకకన్నా సన్నని రంధ్రాలలోంచి ఇంకు బిందువులను కాగితంమీద చల్లుతుంది. దీని వెనుక ఒక ముచ్చట ఉంది. 1977లో జపానులో కానన్ కంపెనీ పరిశోధకుడు ఇచిరో ఎండో పనిచేస్తుండగా, కాగుతున్న సోల్డరింగు ఇనుము పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది. వెంటనే సూది కొసనుంచి ఇంకు చిమ్మింది. వేడికి బుడగ పుట్టి ఇంకును బయటికి నెడుతుందని అలా తెలిసింది. వేడితో పనిచేసే ఇంకుజెట్‌కు ఆ కంపెనీలో అదే నాంది. వేడి లేకుండా, విద్యుత్తు తగిలితే వంగే స్ఫటికంతో ఇంకును నెట్టే పద్ధతి మరొకటి ఉంది. ఎప్సన్ వారిది ఆ పద్ధతి.

ఇంకుజెట్‌లో మళ్ళీ రెండు తరహాలు. చిన్న ఇంకు డబ్బాలు మార్చుకునేది ఒకటి. యంత్రం చవక, ఇంకు ప్రియం. సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకులున్నది రెండవది. యంత్రం ధర ఎక్కువ, ఫోటోకు పడే ఇంకు ఖర్చు చాలా తక్కువ. ట్యాంకు ప్రింటరు కొనేటప్పుడు ఎన్ని రంగులని అడగండి. మామూలువాటిలో నాలుగే ఉంటాయి. చాలా వాటిలో ఆ నలుపు అక్షరాల కోసం ఉద్దేశించినది. మెరుపు కాగితంమీద దాన్ని వాడకుండా మిగతా మూడు రంగులను కలిపి నలుపు తెప్పిస్తాయి. అందుకే జుట్టు కొంచెం వెలిసినట్టు కనిపిస్తుంది. ఫోటోల కోసమే చేసినవాటిలో ఆరు రంగులుంటాయి. కొన్నింటిలో లేత నీలం, లేత గులాబి అదనం. కొన్నింటిలో ఎరుపు, బూడిదరంగు అదనం. చెంపలమీద, ఆకాశంలో ఇసుక చల్లినట్టు చుక్కలు కనబడకుండా ఉండేది వీటివల్లనే.

మూడవది వేడితో రంగును ఆవిరిచేసే పద్ధతి. డై సబ్లిమేషన్ అంటారు. అరచేతికి కాస్త పెద్దదైన పెట్టె. ఇందులో ద్రవరూపంలో ఇంకు ఉండదు. పసుపు, గులాబి, నీలం పొరలు వరుసగా ఉన్న రిబ్బను ఉంటుంది. వేడికి ఆ రంగు ఆవిరై కాగితంలోకి ఇంకుతుంది. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ వెళ్ళొస్తుంది. మూడుసార్లు రంగులు, నాలుగోసారి పారదర్శకమైన పూత. పిల్లలు దీన్ని తోలుబొమ్మలాట చూసినట్టు చూస్తారు. ఒక్క నిమిషంలోపే ఫోటో చేతికి వస్తుంది, ఆరబెట్టే పని లేదు. ఆరు నెలలు మూలన పెట్టినా ఎండిపోయేందుకు ఇంకు లేదు. పైపూతవల్ల తడిని కూడా కొంతవరకు ఓర్చుకుంటుంది. లోటు ఏమిటంటే, ఇంటికి దొరికేవి పోస్టుకార్డు పరిమాణం వరకే వేస్తాయి. కాగితమూ రిబ్బనూ కలిపి ఆ కంపెనీదే కొనాలి. ఫోటోలో సగం తెలుపే ఉన్నా ఒక ఫోటోకు పట్టే రిబ్బను పట్టి తీరుతుంది. వాడేసిన రిబ్బనుమీద మీరు వేసిన ఫోటోల నీడలు మిగిలిపోతాయి కనుక కత్తిరించి పారవేయండి.

నాలుగవది జేబులో పట్టే ప్రింటరు. రంగు కాగితంలోనే నిక్షిప్తమై ఉంటుంది, వేడి తగిలితే బయటపడుతుంది. ఫోటో 2 బై 3 అంగుళాలు. పిల్లల నోటు పుస్తకాలమీద అంటించుకోవడానికి సరదాగా ఉంటుంది. తాతగారి ఫోటో దాచుకోవడానికి ఇది చాలదు.

ఇక లెక్క. ప్రింటరు 10,000 రూపాయలనుకుందాం. ఏడాదికి 100 ఫోటోల చొప్పున ఐదేళ్ళు వేశారు. 500 ఫోటోలు. అంటే ఒక్కొక్క ఫోటోమీద 20 రూపాయలు యంత్రం ఖర్చే పడింది. దానిపైన కాగితం, ఇంకు. ఇప్పుడు మీ వీధి చివర స్టూడియోలో 4 బై 6 అంగుళాల ఫోటో ఎంతకు వేస్తున్నారో అడగండి. రెండూ పక్కపక్కన వేసుకుని చూడండి. పెళ్ళి ఆల్బం లాంటివి, ఒకేసారి రెండు మూడు వందలు కావలసినవి స్టూడియోలో వేయించుకోవడమే మేలు. అక్కడి పెద్ద యంత్రాలు చాలావరకు నిజమైన ఫోటో కాగితంమీద, రసాయనాలతో కడిగి ఇస్తాయి. ఇంటి ప్రింటరు ఉపయోగమంతా అప్పటికప్పుడు కావలసినవాటికి, ఇతరులకు చూపడం ఇష్టంలేనివాటికి, నెలనెలా కొన్ని చొప్పున వేసుకునేవాటికి.

పాస్‌పోర్టు ఫోటోల సంగతి కూడా చెబుతాను. 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటోలు ఒక 4 బై 6 కాగితంమీద ఎనిమిది పడతాయి. బడికి వెళ్ళే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న లాభం కాదు.

ఫోటో స్పష్టతకు కూడా లెక్క ఉంది. చేత్తో పట్టుకు చూసే ఫోటోకు అంగుళానికి 300 చుక్కలు చాలు. 4 బై 6 ఫోటోకు 1200 బై 1800 చుక్కలు కావాలి. ఈనాటి ఏ ఫోనైనా అంతకుమించే ఇస్తుంది. అయితే ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే దాన్ని కుదించి పంపుతుంది. ఫైలుగా, అంటే డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. మరొక చిక్కు, ఫోను ఫోటో ఆకారం 4 బై 3. కాగితం ఆకారం 3 బై 2. అంచులు లేకుండా వేస్తే పైనో కిందో కొంత తెగిపోతుంది. నిలబడినవారి కాళ్ళో, పెళ్ళికూతురి బాసికమో పోయిన తరువాత బాధపడి లాభం లేదు. మీట నొక్కేముందు తెరమీద ఒకసారి చూసుకోండి.

దుకాణంలో వారు చూపే నమూనా ఫోటోలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. మీ ఫోటో ఒకటి పట్టుకెళ్ళి వేసి చూపమనండి. అందులో చామనచాయ ముఖం ఉండాలి, తెల్లపంచె ఉండాలి, మన బరంపురం పట్టుచీర ఉండాలి. ముఖం ఎర్రబారిందా, పంచె మడతలు కనిపిస్తున్నాయా, జుట్టు నల్లగా ఉందా లేక ఆకుపచ్చ తిరిగిందా చూడండి. ఆ తరువాతే డబ్బు తీయండి.

ఇంకు ప్రింటరు కొన్నవారికి మూడు జాగ్రత్తలు. వారానికో పదిరోజులకో ఒక రంగుల ఫోటో వేస్తూ ఉండండి. ప్రింటరును దాని మీటతోనే ఆపండి, గోడ స్విచ్చితో ఆపవద్దు. దాని మీటతో ఆపితేనే ఇంకు చల్లే భాగం తన మూత కిందికి వెళ్ళి కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోతే, వచ్చిన తరువాత ఒకసారి వేసి సరిగా ఆపండి. ఫోటోను ఒక రోజంతా ఆరనిచ్చిన తరువాతే అద్దంలో పెట్టండి. కాగితం కూడా తగినది కావాలి. జిరాక్సు కాగితం 70, 80 జి.ఎస్.ఎమ్. ఉంటుంది. ఫోటో కాగితం 200 పైచిలుకు ఉంటే చేతికి బరువుగా, ఫోటోలా ఉంటుంది.

ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చివరి ప్రశ్న. ఇంకులో రెండు జాతులున్నాయి. నీటిలో కరిగే రంగు ఒకటి, సన్నని రేణువుల రంగు మరొకటి. మొదటిది మెరుపు కాగితంమీద తళతళలాడుతుంది కాని తడికీ ఎండకూ తట్టుకోవడం తక్కువ. రెండవది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఏదైనా సరే ఎండ పడే గోడమీద పెట్టకండి. 1970, 80 దశకాల రంగుల ఫోటోలు చాలా ఇళ్ళలో ఎర్రబారి ఉంటాయి. ఆనాటి నీలిరంగు చీకట్లో దాచినా వెలిసిపోయేది కనుక ఎరుపు మిగిలింది. అంతకుముందరి నలుపు తెలుపు ఫోటోలు వెండితో ఏర్పడినవి కనుక ఇప్పటికీ మన ముఖం చూస్తున్నాయి.

అటువంటి వెండి ఫోటోలు తడిసి అతుక్కుపోతే, నేను చేసినట్టు చేయకండి. లాగవద్దు, అలాగే ఎండనివ్వవద్దు. శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచి, వాటంతట అవి వదులైనప్పుడు మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేట్టు నీడలో ఆరబెట్టండి. ఇంకుజెట్ ఫోటోలను మాత్రం నీళ్ళలో పెట్టకూడదు, రంగు కరిగిపోతుంది.

పాత ఫోటోలను కాపాడుకోవడమే మీ ఉద్దేశమైతే ప్రింటరుకన్నా స్కానరు ముఖ్యం. రెండూ కలిసిన యంత్రం తీసుకోవచ్చు. చిన్న ఫోటోను అంగుళానికి 600 చుక్కలతో స్కాను చేస్తే, దానికి రెట్టింపు పొడవు వెడల్పులతో చక్కగా వేసుకోవచ్చు.

చివరికి మేమేం కొన్నామని మీరు అడగవచ్చు. మేము నెలల తరబడి వేయం, పండగకో పుట్టినరోజుకో వేస్తాం. కనుక రంగును ఆవిరిచేసే చిన్న ప్రింటరు కొన్నాం. ఆడపడుచుగారి పెట్టెలోని ఫోటోలు స్కాను చేసి, ఒక్కొక్కటి రెండేసి ప్రతులు వేశాం. ఒక కట్ట బరంపురంలో, ఒక కట్ట ఇచ్ఛాపురంలో. పాత ఫోటోల వెనుక మామగారు తెలుగులో పేర్లు రాసి పెట్టారు. మా అమ్మాయి బడిలో ఒడియా చదువుకుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అందుకని కొత్త ప్రతుల వెనుక పేర్లు రెండు లిపులలోనూ రాయించాను, తనచేతనే. కాగితం మీద ఒత్తు పడకుండా మెత్తని పెన్సిలుతో రాసింది. పక్కన కూర్చున్న మా అత్తగారు ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్కొక్కరినీ చెబుతూ వచ్చారు. సగం మంది పేర్లు నాకే అప్పటిదాకా తెలియవు.

ప్రింటరు ఏది కొన్నా, కొనకపోయినా, ఆ పేర్లు రాసే పని మాత్రం పెద్దవాళ్ళు ఉండగానే చేసుకోండి. అది ఏ యంత్రమూ చేసిపెట్టదు.