ఇంటర్‌లో చేరేనాడే ఆలోచించండి
(సైనికాధికారి కాగోరే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు వాడపల్లి సమావేశంలో చేసిన ప్రసంగం)



కృష్ణా, మూసీ నదులు కలిసే ఈ వాడపల్లి నుండి మన పిల్లలు ఇంటర్మీడియట్ కోసం మిర్యాలగూడ బస్సెక్కుతారు. ఏ గ్రూపు తీసుకోవాలో తోటివారిని చూసి నిర్ణయించుకుంటారు. సైన్యంలో అధికారి కావాలనుకునేవారికి ఆనాటి తొందరపాటే కొన్ని దారులను మూసివేస్తుంది. ఈ మాట చెప్పడానికే మేము వచ్చాము.

మొదటి దారి పుణె సమీపాన ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ. ప్రవేశ పరీక్షను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు జరుపుతుంది. పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయస్సు గల అవివాహితులు అర్హులు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేయవచ్చు. పదాతి సైన్యానికి ఏ గ్రూపైనా సరిపోతుంది. నౌకా, వైమానిక దళాలకు ఎంపీసీ ఉండాలి. అయితే రాతపరీక్షలోని 900 మార్కులలో 300 గణితానివే. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. ఆపైన ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ. ఎంపికైతే మూడేళ్ల శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే.

ఆడపిల్లలకు ఈ ద్వారం సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో తెరుచుకున్నది. 2025 మే నెలలో తొలి జట్టుగా 17 మంది యువతులు అక్కడ శిక్షణ పూర్తి చేశారు. వారికి దరఖాస్తు రుసుము కూడా లేదు.

ఇంటర్‌లో అవకాశం తప్పినవారు నిరాశపడనక్కరలేదు. డిగ్రీ తరువాత సీడీఎస్ పరీక్ష ఉన్నది. కళాశాలలో ఎన్‌సీసీలో చేరి 'సి' సర్టిఫికెట్ సాధించినవారికి రాతపరీక్ష లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక ప్రవేశమూ ఉన్నది. కనుక డిగ్రీ కళాశాలను ఎంచుకునేటప్పుడు, అక్కడ ఎన్‌సీసీ ఉన్నదా అని అడగండి.

గుమాస్తాగా జీవితమంతా కాగితాల మధ్య గడిపిన మేము ఒక హెచ్చరిక చేస్తున్నాము. ఒక కాగితంలో మహమ్మద్, మరొకదానిలో ఎండీ. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, పదో తరగతి మెమోలో మరొకటి. ఇటువంటి తేడాలతో తిరిగి తిరిగి అలసిన కుటుంబాలను మేము ఎన్నో చూశాము. యూపీఎస్సీ పదో తరగతి సర్టిఫికెట్‌లోని తేదీనే ప్రమాణంగా తీసుకుంటుంది. తప్పులుంటే ఇప్పుడే సరిచేయించండి.

గడ్డం గురించి తల్లిదండ్రులు అడుగుతారు. వైమానిక దళం నియమాన్ని 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ సంగతి దాచవద్దు; ఇంట్లో ముందే చర్చించుకొని నిర్ణయించుకోండి.

హైదరాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. ఉన్నత పదవులలో మనవారు ఎందరని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. ఆ ప్రశ్నకు బలం రావాలంటే మన ఇళ్ల నుండి దరఖాస్తులు వెళ్లాలి. ఈ ఏడాది పదో తరగతి ఉత్తీర్ణులైన ప్రతి బిడ్డ ఇంటికీ, కళాశాలలు తెరిచేలోగా, మన మసీదు కమిటీలు ఈ సమాచారం చేర్చాలని కోరుతున్నాము.

ఖుదా హాఫిజ్.