సూదికి ముందు నెత్తురు చుక్క

(హుస్నాబాద్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో పశుసంవర్ధక శాఖ విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి తమ షుగరు, బీపీ లెక్కలు నోటికి వచ్చు. డాక్టరు మందు రాసేముందు రక్తపరీక్ష అడుగుతాడు, మనమూ చేయించుకుంటాం. అదే ఇంట్లో బర్రె మేత మానేస్తే "ముందు ఒక సూది వేయండి సార్" అంటాం. ఈ రోజు నేను మనవి చేసేది ఒక్కటే. వీలున్నంతవరకు సూదికి ముందే రక్తం తీయించండి. మందు పడ్డాక క్రిములు మైక్రోస్కోపుకు అందకుండా పోవచ్చు. అంతమాత్రాన రోగం పోయినట్టు కాదు.

హుస్నాబాద్ 2016లో కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి మారింది గానీ, మన పశువుల జబ్బులేమీ మారలేదు. వానాకాలంలో జోరీగలు కుడితే సర్రా, గోమార్లు పట్టిన సంకర ఆవులకు థైలీరియా జ్వరం వస్తూనే ఉన్నాయి. సర్రా క్రిమిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు పంజాబులో గుర్రాలు, ఒంటెల రక్తంలో చూశాడు. నేటికీ అదే పద్ధతి పనికొస్తున్నది. తాజా నెత్తురు చుక్కను గాజు పలక మీద పెట్టి చూస్తే, ఆ క్రిమి రక్తకణాల మధ్య మెలికలు తిరుగుతూ కదులుతుంది.

థైలీరియాకు స్మియర్ కావాలి. చెవి అంచు నుంచి తీసిన చుక్కను శుభ్రమైన పలక చివర ఉంచి, రెండో పలకను ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపున ముందుకు నెట్టాలి. పొర పలుచగా రావాలి. ఆరిన తర్వాత మిథనాల్‌లో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, గీంసా రంగులో అరగంట నానబెడతారు. వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే ఎర్రకణాల లోపల క్రిములు కనబడతాయి.

మెడ సిర నుంచి తీసిన రక్తాన్ని రెండు గొట్టాల్లో పడతారు. ఊదా మూత గొట్టంలో గడ్డకట్టనీయని మందు ఉంటుంది. దాన్ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. మజ్జిగ చిలికినట్టు ఊపితే కణాలు పగిలిపోతాయి. ఎర్ర మూత గొట్టాన్ని కదపకుండా నిలబెడితే రక్తం గడ్డకట్టి సీరం పైకి తేలుతుంది. రెంటినీ చల్లగా ఉంచాలే గాని, ఊదా మూతదాన్ని గడ్డకట్టే చలిలో పెట్టరాదు. గొట్టం మీద పశువు గుర్తు, తేదీ రాయడం మరువరాదు.

ఊదా గొట్టంలోని రక్తాన్ని సన్నని గాజు నాళంలో పోసి వేగంగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. గొర్రెల్లో ఆ భాగం నూటికి 27 నుంచి 45 వరకు ఉండాలి. అంతకు బాగా తగ్గితే కడుపులో నెత్తురు పీల్చే పురుగులున్నాయేమో అనుమానించాలి. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు! ఆ గొర్రె ఎన్నాళ్లు బతుకుతుంది?

సీరం చుక్కకు గులాబీరంగు మందు చుక్క కలిపి నాలుగు నిమిషాలు కదిలిస్తే, బ్రుసెల్లా ఉన్నచోట పలుకులు పలుకులుగా కనిపిస్తుంది. పశువులు ఈసుకుపోయే ఈ జబ్బు పచ్చిపాల ద్వారా, మాయ ముట్టుకున్న చేతుల ద్వారా మనుషులకూ సోకుతుంది. మనవలకు పాలు కాచి ఇవ్వండి.

చివరగా ఒక హెచ్చరిక. పశువు హఠాత్తుగా చచ్చి ముక్కు, మలద్వారాల నుంచి నల్లని నెత్తురు కారితే దొమ్మ రోగమని అనుమానించండి. కోయవద్దు, తోలు ఒలవవద్దు. గాలి తగిలితే ఆ క్రిములు గట్టి బీజాలై నేలలో ఏళ్ల తరబడి ఉంటాయి. డాక్టరుగారికి కబురు పంపండి. చెవి నుంచి తీసిన ఒక్క చుక్కతో ఆయన నిర్ధారిస్తారు. ఆ చుక్కను మీరు తీయవద్దు.